బుచ్చవ్వ నెత్తురు పరీక్ష

మా అత్త బుచ్చవ్వకు టైఫాయిడ్ ఉందని తేల్చినవాడు ఆమె కన్నకొడుకే, అంటే మా ఆయన. ఆ మాట చెప్పడానికి ఆయన దవాఖాన నుంచి ఎండలో పరుగున వచ్చేసరికి ఆమె పెరట్లో కట్టెలు కొడుతోంది.

"అవ్వా, గొడ్డలి కింద పెట్టు. నీకు టైఫాయిడ్ ఉన్నది."

"ఎవలన్నరు?"

"నీ నెత్తురే అన్నది."

"నా నెత్తురు నాకు సెప్పకుంట నీకెట్ల సెప్పింది?" అని, ఎత్తిన గొడ్డలిని మొద్దు మీద వేసింది. మొద్దు రెండుగా చీలింది.

అది పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, ఉగాదికి వారం ముందు. కరీంనగర్‌కు బస్సులో గంటన్నర దూరంలో ఉన్న తాలూకా ఊరు మాది. మా ఆయన లింగమూర్తి హైదరాబాద్‌లో ఆరు నెలలు నేర్చుకుని వచ్చి అక్కడి దవాఖానలో నెత్తురు పరీక్షలు చేసేవాడు. ఆయన పరీక్షల గది అంతకు ముందు దవాఖాన కట్టెల కొట్టు. ఒక సూక్ష్మదర్శిని, రెండు గంపల గాజు గొట్టాలు, కిరోసిన్ దీపం మీద వెచ్చబడే నీళ్ళ తొట్టి, అప్పుడప్పుడు ఒక తేలు. కొలువు టెంపరరీ. రెండేళ్ళ గడువు ఆ వేసవితో ముగుస్తుంది. ఉగాది వెళ్ళిన వారానికి జిల్లా నుంచి పెద్ద డాక్టరు తనిఖీకి వస్తాడు, రిజిస్టరు తిప్పుతాడు, బాగుందంటే గదీ ఉంటుంది, కొలువూ ఉంటుంది. లేదంటే గదికి తాళం పడుతుంది, మేము మూటా ముల్లె సర్దుకుని సొంతూళ్ళో ఉన్న మా బావగారింటికి పోవాలి. అక్కడ పెత్తనం పెద్ద కోడలిది. ఆమె చేతి కింద కూర్చుని తినడం కంటే గోదావరిలో దూకడం నయమని మా అత్త ఎప్పుడూ అనేది.

మా ఆయనకు తాను నేర్చుకున్నది ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం సహించదు. వినేవాళ్ళం ఇంట్లో ఇద్దరమే. కాబట్టి ఆ పరీక్ష సంగతి మా ఇద్దరికీ కంఠతా వచ్చు. మనిషి నెత్తురు కొంచెం తీసి గొట్టంలో నిలబెడితే గడ్డ కిందికి దిగి, పైన పచ్చని తేట తేరుతుంది. ఒంట్లోకి రోగపు పురుగు వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే సరుకంతా ఆ తేటలోనే ఉంటుంది. చంపి సీసాల్లో పంపిన టైఫాయిడ్ పురుగుల్ని అందులో కలుపుతారు. సరుకు ఉన్న తేటలో అవి ఒకదానికొకటి అతుక్కుని అడుగుకు దిగుతాయి. లేని తేటలో ఊరకే మబ్బుగా ఉండిపోతాయి. ఆ సరుకు ఎంతుందో తెలియాలంటే తేటలో ఉప్పునీళ్ళు పోసి పలచన చేస్తూ పోవాలి. ఒకటికి ఇరవై, ఒకటికి నలభై, ఎనభై, నూటఅరవై.

"అంటే సుట్టాలు ఎక్కువొచ్చినప్పుడు సల్లల నీళ్లు పోసినట్టా?" అని అడిగింది మా అత్త మొదటిసారి విన్నప్పుడు.

"అచ్చం గట్లనే అవ్వా. ఎన్ని నీళ్లు పోసినంక గూడ పులుపు తెలుస్తదో, గదే లెక్క."

"గంత దానికి హైదరాబాద్ పోవాల్నా?"

పెద్ద డాక్టరుకు చూపించడానికి ఒక రోగి తేట, ఒక ఆరోగ్యవంతుడి తేట పక్కపక్కన పెట్టాలనుకున్నాడు మా ఆయన. ఆరోగ్యవంతుల కోసం వాడంతా తిరిగాడు. సూదంటే ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. "ఈ ఊర్ల నాకన్న మంచిగున్నదెవలురా?" అని మా అత్తే చెయ్యి చాపింది. సూదికి భయపడని ఆడమనిషిగా వాడలో ఆమెకు పేరు. మరునాడు చూస్తే ఆరోగ్యవంతురాలి తేట ఒకటికి ఆరువందల నలభై దాకా పోయింది. నూటఅరవై దాటితేనే రోగమని లెక్క. జ్వరంతో మంచం పట్టినవాళ్ళలో కూడా అంత పెద్ద అంకె ఎవరికీ రాలేదు.

డాక్టర్ సత్యానందం గారు స్వయంగా ఇంటికి వచ్చారు. మిషన్ వాళ్ళ బడిలో చదువుకున్న మెత్తని మనిషి. మా అత్త నాలుక చూశారు, కడుపు నొక్కారు, చెయ్యి పట్టుకుని చాలాసేపు గడియారం చూశారు.

"జ్వరం లేదు. నాలుక శుభ్రంగా ఉంది. కానీ శివరాత్రికి వేములవాడ జాతరకు పోయి వచ్చింది కదా, అక్కడి నీళ్ళతో వచ్చి ఉంటుంది. జాతర తర్వాతనే మనకు ఇన్ని కేసులు. కొందరికి రోగం పైకి కనబడదు, లోపల మోసుకుని తిరుగుతారు. వాళ్ళ చేతి వంట తింటే పక్కవాళ్ళకు అంటుతుంది."

"అయితే ఏం జెయ్యాలె సారూ?" అంది మా అత్త.

"పది పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ నెత్తురు చూద్దాం. అప్పటి దాకా వేరే మంచం, వేరే గిన్నెలు. బార్లీ నీళ్ళు, సగ్గుబియ్యం జావ తప్ప ఏమీ తినొద్దు. పొయ్యి ముట్టొద్దు."

మొదటి మూడు మాటలకు ఊరుకున్న మా అత్త నాలుగోదానికి లేచి కూర్చుంది. "పొయ్యి ముట్టకుంటే ఇంట్ల తిండెట్ల?"

డాక్టరు గారు నా వైపు చూశారు. మా ఆయనా చూశాడు. చివరికి మా అత్త కూడా, వేరే దారేమైనా ఉందేమోనని గోడలన్నీ చూశాక, నన్నే చూసింది.

కాపురానికి వచ్చిన రెండేళ్ళలో ఆమె నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మాది ఆదిలాబాద్. మా బాపు పత్తి మిల్లులో పనిచేసేవాడు. ఆదిలాబాద్ పిల్లకు జొన్నరొట్టె, శనగపిండి ఉడకేసే పిట్ల తప్ప ఏమీ రాదని ఆమె నమ్మకం. అందులో అబద్ధం కూడా లేదు. అందుకని నేను ఇల్లు ఊడ్చేదాన్ని, మధ్యాహ్నం దవాఖానకు అన్నం డబ్బా మోసేదాన్ని, పనిలో పనిగా మా ఆయన గొట్టాలు కడిగేదాన్ని. గొట్టాలకు నా చేయి మంచిదని ఆయన అనేవాడు. వంటకు కూడా మంచిదేమో చూద్దామని ఎవరూ అనలేదు. ఇప్పుడు అనక తప్పలేదు.

మా అత్త మంచం అరుగు మీద పడింది. అక్కడి నుంచి ఆమె ముక్కుతో వంట చేయించేది.

"పోపు మాడుతున్నది పిల్లా!"

"లేదత్తమ్మా."

"ఇగ మాడుతది. దించు!"

దించేలోపు మాడేది. మొదటి రోజు పప్పు, రెండో రోజు పిట్ల, మూడో రోజు మళ్ళీ పిట్ల. మా ఆయన నోరు మెదపకుండా తినేవాడు. ఆయన మనసంతా ఆరువందల నలభై మీద ఉంది. "మా అవ్వది జిల్లాలనే పెద్ద నంబరు," అని వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పేవాడు. పెద్ద డాక్టరుకు చూపించడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదని ఆయన ఆనందం. కన్నతల్లికి రోగమని దిగులు పడదామంటే ఆమె ఎదురుగా రాయిలా కూర్చుని ఉంది.

మొదటి రెండు రోజులు మా అత్త వాడంతా వినబడేలా కొట్లాడింది. "గీ నీళ్లు తాగి బతికిన మనిషి ఉన్నడా? బర్రెకు గూడ ఇంతకన్న చిక్కటి కుడితి పెడ్తం గదరా!" మూడో రోజు పొద్దున, బార్లీ నీళ్ళు తాగుతూ తాగుతూ ఎందుకో ఆగింది.

"లింగూ, జాతరకు పోయెటోళ్లకు బస్సుల కాడ సూది ఏసిరి గదా. దాంట్ల ఏముంటదిరా?"

"కలరా పురుగులు, టైఫాయిడ్ పురుగులు. చంపినయి. వాటిని సూపిస్తె ఒంటికి ఆనవాలు తెలుస్తది. రేపు నిజంగ వస్తె పట్టుకునేటందుకు సరుకు తయారు చేస్కుంటది."

"నువ్వు గొట్టంల సూసే సరుకేనా?"

"గదే సరుకు," అని మా ఆయన అంగీ గుండీలు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. తన నోటితో అంత మాట అని, అదేమిటో తనకే తట్టకుండా అలా వెళ్ళిపోగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నాకూ తట్టలేదు. నేను పోపు చూసుకుంటున్నాను. తట్టింది మా అత్తకు ఒక్కతికే. ఆ పూట నుంచి ఆమె నోరు కట్టేసినట్టు ఊరుకుంది. ఇచ్చిన నీళ్ళు తాగేది, గిన్నె బోర్లించేది. ఉగాది నాడు నేను మొదటిసారి పూర్ణం పెట్టి పోలెలు చేశాను. అవి అప్పడాల్లా వచ్చాయి. అయినా బెల్లం వాసన బెల్లం వాసనే. మా అత్త వేపపూత పచ్చడి రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు మాత్రం నిజంగానే రోగం ఉందేమోనని భయపడ్డాను.

మరునాడు పక్కింటి కొమురవ్వ బీడీల చాట పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. రోజూ వచ్చేది. తునికాకు కత్తిరిస్తూ కూర్చుంటే మా అత్తకు కాలక్షేపమని నేను సంతోషించేదాన్ని. ఆ రోజు మజ్జిగ ఇద్దామని బయటికి వచ్చేసరికి మా అత్త గడ్డం మీద ఒక నువ్వుగింజ ఉంది. బార్లీ నీళ్ళలో నువ్వులు ఉండవు. చాటలోని ఆకులు పక్కకు తీశాను. అడుగున వెచ్చగా సగం సర్వపిండి రొట్టె.

"ఏందిది కొమురవ్వత్తా?"

"బీడీలకు..." అని కొమురవ్వ మొదలుపెట్టి, బీడీలకు సర్వపిండి ఎందుకో తోచక ఆగిపోయింది.

"రోగముండగ గట్టి తిండి పెడ్తే పేగు తెగుతదట. డాక్టరు సారు సెప్పలేదా?"

"ఏం రోగం పిల్లా! రోగం లేదు గీగం లేదు!"

"నోరు ముయ్యే కొమురీ," అంది మా అత్త.

"ముయ్య బుచ్చక్కా. నా మూలంగ నువ్వు ఎండిపోతుంటె నాకు ముద్ద దిగుతలేదు. సూడు అనసూర్యా, జాతరప్పుడు నా సూది గూడ ఈమెనే ఏసుకున్నది."

సూది చీటీ లేనిదే జాతర బస్సు ఎక్కనివ్వలేదు ఆ ఏడు. కొమురవ్వ, ఆమె కోడలు, ఆమె చెల్లె లస్మవ్వ ముగ్గురూ సూది చూసి వెనక్కి పరిగెత్తారు. మొక్కు ఉంది, గుళ్ళో కోడెను కట్టాలి, పోకపోతే ఎట్లా అని ఏడుపు. మా అత్త అప్పటికే తన సూది వేయించుకుని చీటీ పట్టుకుని ఉంది. ఇంత దానికే ఏడుస్తారా అని, కొంగు ముసుగు వేసుకుని కొమురవ్వ పేరుతో ఒకసారి, ముసుగు మార్చి కోడలి పేరుతో ఒకసారి, గొంతు మార్చి లస్మవ్వ పేరుతో ఇంకోసారి వరసలో నిలబడింది. ఆఖరిసారి సూది వేసే మనిషి, "అవ్వా, నిన్ను యాడనో సూసినట్టున్నది," అన్నాడట. "మా అక్కను సూసి ఉంటవ్," అందట మా అత్త. జాతర నుంచి వచ్చి రెండు రోజులు ఎండదెబ్బ అని పడుకున్నదీ, బిందె ఎత్తలేకపోయినదీ అందుకేనని, గొట్టంలోని ఆరువందల నలభై కూడా ఆ సూదులదేనని నాకు అప్పుడు అర్థమైంది.

"మరి ఆయనకు సెప్పకపోతివి అత్తమ్మా?"

"సెప్తె వాడు డాక్టరుకు సెప్తడు. వానికి అబద్ధం ఆడొస్తదా? దవాఖానల పనిచేసేటోని తల్లే దొంగ సూదులు ఏసుకుని చీటీలు పంచిందంటె పెద్ద డాక్టరు ఉంచుతడా వాణ్ణి? ఆయనొచ్చి సూసిపోయేదాంక నేను రోగినే. తర్వాత మెల్లగ నయమైత." నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "వానికి సెప్పనని ఒట్టెయ్యి."

వేశాను.

ఒట్టు వేసిన చేత్తోనే వెళ్ళి చారు కలిపాను. ఉన్నమాట చెప్పాలంటే ఆ ఒట్టు నాకేమీ బరువనిపించలేదు. ఉప్పు డబ్బా నాకు అందే ఎత్తులో పెట్టుకున్నాను. పచ్చడి జాడీలు కిటికీ కిందికి జరిపాను. నిజం ఎన్ని రోజులు ఆలస్యంగా బయటపడితే అన్ని రోజులు ఆ వంటిల్లు నాది. రెండు రోజులు అలాగే గడిచాయి.

మూడో రోజు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని సాలెవాడ మీదుగా పోతున్నాను. అంతయ్య ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. అంతయ్య గోడకు చేరగిలి నీడలో కూర్చున్నాడు. జాతర తర్వాత రెండు రోజులు ఒళ్ళు కాలిందని దవాఖానకు వస్తే, ఆయన తేట కూడా నూటఅరవై దాటింది. పద్దెనిమిది రోజులుగా బార్లీ నీళ్ళు. దవడలు లోపలికి పోయాయి.

"బిడ్డా, డబ్బాల ఏమున్నది?"

"పిట్ల తాతా."

"గదన్న జర పెట్టవా?"

కరీంనగర్ జిల్లాలో పిట్ల అడిగి మరీ తింటానన్న మొదటి మనిషి ఆయనే. నాకు నవ్వు రాలేదు.

"తాతా, జాతరకు పోయేటప్పుడు సూది ఏసుకున్నవా?"

"ఏసుకోకుంట బస్సెక్కనిస్తరా?" అని భుజం చూపించాడు.

గదికి వెళ్ళేసరికి మా ఆయన సంబరంగా ఉన్నాడు. అత్త నెత్తురు రెండోసారి తీసిన పరీక్ష ఆ పొద్దున్నే తేలింది. ఈసారి కూడా ఆరువందల నలభై. "గవి కడగకు. పెద్ద డాక్టరుకు సూపెట్టేటందుకు పక్కకు పెట్టిన," అన్నాడు. నేను ఆ గొట్టాలు నిలబెట్టిన చెక్కను కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టి చూశాను. రెండు వరుసలు, ఒక్కో వరుసలో ఒక్కో సీసాలోని పురుగులు కలిపినవి. రోజూ కడిగేదాన్నే కానీ అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

"ఇగో, జర ఇటు సూడుండ్రి. ఈ వరుసల అంత దూది పింజలున్నట్టున్నది."

"ఆ, పురుగుకు తోకలుంటయి. తోకలు అతుక్కుంటె గట్ల దూది లెక్క దిగుతది."

"మరి గీ వరుస?"

"గది పురుగు ఒళ్లు. ఒళ్లు అతుక్కుంటె సన్న నూకల లెక్క దిగుతది."

"నూకలేవి?"

ఆయన తల ఎత్తలేదు. "ఉంటయి సూడు."

"ఒక్క నూక లేదు. మొన్న జ్వరమొచ్చి మాట పడిపోయిన మైసయ్య గొట్టాలు కడిగిన. దూది ఉండె, నూకలు గూడ ఉండె. అడుగుకు అంటుకుని పోలే గూడ. వీట్ల అంత దూదే. పత్తి మిల్లుల పుట్టిన, నాకు తెల్వదా?"

"రిజిస్టర్ల గడి ఒక్కటే ఉన్నది. రెండిట్ల ఏది పెద్దదయితే గది రాస్త."

"ఒక్క తోకలే అతుక్కుంటె ఏమన్నట్టు?"

నేను వెనక్కి తిరిగి గొట్టాలు కడిగే తొట్టి దగ్గర కూర్చున్నాను. పెట్టె తెరిచిన చప్పుడు, హైదరాబాద్‌లో రాసుకున్న నోటుబుక్కు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడ్డాయి. కొంతసేపటికి ఆగిపోయాయి.

"గీత గీస్కున్న గూడ," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. "సూది ఏసుకున్నోళ్లల్ల తోకల వరుస నెలల తరబడి పెద్దగనే ఉంటదట. అందుకని ముందుగాల సూది సంగతి అడగాల్నట. రోగమని అనుమానముంటె వారానికి మళ్ల సూసి, రెండు వరుసలు పెరిగినయా లేదా అని సూడాల్నట. పరీక్షల ఆ ప్రశ్న రాలే."

నేను గొట్టం కడిగాను.

"గని అవ్వ ఒక్క సూదే ఏసుకునె. ఒక్కదానికి గింత నంబరు వస్తదా?" నా వైపు తిరిగాడు. "అనసూర్యా?"

కడిగిన గొట్టమే మళ్ళీ కడిగాను. ఆయన అది చూసి, టోపీ కూడా పెట్టుకోకుండా ఇంటి దారి పట్టాడు. నేను వెనకే నడిచాను.

మా అత్త మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"అవ్వా, జాతరప్పుడు ఎన్ని సూదులేసుకున్నవ్?"

"ఒక్కటి."

"ఒక్కటికి ఆరువందల నలభై రాదు."

మా అత్త నన్ను చూసింది. నేను రెండు చేతులూ చూపించాను, నేనేమీ చెప్పలేదన్నట్టు.

"రెండు," అంది.

"రెండిటికి గూడ రాదు."

"మూడు."

ఆయన ఊరకే నిలబడ్డాడు. నిజానికి ఎన్ని సూదులకు ఎంత వస్తుందో ఆయనకు తెలియదని తర్వాత నాకు చెప్పాడు. మా అత్తకు మాత్రం ఆ మౌనం లోపల ఇంకా గొట్టాలు కనబడ్డాయి.

"నాలుగు. ఇగ నిలబడకు, ఇంక లెవ్వు!"

తిడతాడనుకున్నాను. ఆయన అరుగు అంచున కూర్చున్నాడు. "నీది నాలుగు సూదులు అవ్వా. రిజిస్టర్ల ఇంకా ఇరవై ఏడు పేర్లున్నయి. వాళ్లు తలా ఒక్కటే ఏసుకుని ఉంటరు, ఏ ఎండకో ఒళ్లు కాలి నా దగ్గరికొచ్చి ఉంటరు. వాళ్లకు బార్లీ తాపింది నేనే." కాసేపాగి, "రేపు నాతోని వస్తవా?" అన్నాడు నాతో. "ఆడోళ్లు నాకు సెప్పరు."

రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాము. ఆయన వాకిట్లో నిలబడేవాడు, నేను లోపలికి పోయి ఎవరెవరు సూది వేసుకున్నారో, ఎప్పుడో, వేసుకున్నది వాళ్ళేనో కాదో అడిగి రాసుకునేదాన్ని. ఆయన చిత్తుపుస్తకంలో రెండు వరుసల అంకెలూ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఇరవై ఎనిమిది మందిలో తొమ్మిది మందికే నిజంగా టైఫాయిడ్. పంతొమ్మిది మందికి జాతర సూది. ఆ జాబితా చూసి సత్యానందం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అన్నం మానమని చీటీ రాసింది నేను లింగమూర్తీ. ముందు వాళ్ళకు అన్నం పెట్టమని చెప్పు. రిజిస్టరులో ఏదీ దాచొద్దు," అన్నారు. ఆ పూట అంతయ్య ఇంటి ముందు నుంచి పోతే మగ్గం చప్పుడు అప్పటికీ లేదు. తిని పడుకున్నాడు.

తినమన్నా తిననిది మా అత్త ఒక్కతే. "పద్దెనిమిది మంది సంగతి సెప్పుకో. నాది ఆ జాబితల నుంచి తీసెయ్యి. నేను రోగినే," అని పట్టు. ఒకటి దాస్తే మిగతావి ఎవరు నమ్ముతారని కొడుకు. తనిఖీ రోజు దాకా ఆమె బార్లీ గిన్నె వదల్లేదు, ఆయన ఎర్రసిరా వదల్లేదు. తప్పు అంకెల మీద ఎర్రగీత గీసి, పక్కన కొత్తగా ఒక గడి వేశాడు. సూది వేసుకున్నారా, ఎన్నాళ్ళయింది. ఆ గడి నింపింది నేను.

పెద్ద డాక్టరు గుంటూరు వైపు మనిషి. కుర్చీలో కూర్చోకుండానే రిజిస్టరు తెరిచాడు. మా అత్తా నేనూ బయట వసారాలో బెంచీ మీద ఉన్నాము. తలుపు తెరిచే ఉంది.

"ఏమిటయ్యా ఇది? పుస్తకం నిండా ఎర్రసిరా?"

"నా తప్పులు సార్," అన్నాడు మా ఆయన.

"పంతొమ్మిదా?"

"పంతొమ్మిది సార్."

"గవర్నమెంటు నిన్ను పెట్టుకుంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అన్నం మాన్పించడానికా?"

సత్యానందం గారు ఏదో చెప్పబోతే పెద్ద డాక్టరు చెయ్యి ఎత్తి ఆపాడు. పేజీలు తిరిగాయి.

"ఈ ఆరువందల నలభై ఎవరు? ఒక్క సూదికి ఇంత వచ్చిందా?"

నేను చూస్తుండగానే నా పక్కన బెంచీ ఖాళీ అయింది. మా అత్త లోపలికి పోయి, రవికె చేతులు పైకి లాక్కుని, గాజులవాడి ముందు చాపినట్టు రెండు చేతులూ బల్ల మీద చాపింది.

"నేనే సారూ. నాలుగేసుకున్న. ముగ్గురాడోళ్ల పేరు మీద నేనే ఏసుకున్న. వానికి తెల్వది. శిక్ష ఏసేదుంటె ఇంకో నాలుగు గుచ్చుండ్రి. వాని కొలువు జోలికి పోకుండ్రి."

పెద్ద డాక్టరు ఆ చేతుల్ని చూశాడు. "నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది సారూ. గని బార్లీ నీళ్లంత గాదు."

ఆయన పెదవి కదిలింది. కానీ నవ్వలేదు. "అమ్మా, ఆ ముగ్గురూ సూది లేకుండా జాతరలో నీళ్ళు తాగారు. కలరా వచ్చి ఉంటే ముగ్గురూ పోయేవాళ్ళు. తెలుసా?"

మా అత్త చేతులు మెల్లగా వెనక్కి వచ్చాయి. "గది ఎవలు సెప్పలే సారూ. బస్సెక్కేటందుకనే అనుకున్నం," అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

పెద్ద డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఈ కొత్త గడిలో రాత ఎవరిది?"

"నా భార్యది సార్. ఆడవాళ్ళను ఆమే అడిగింది."

ఆయన కలం తీసి రిజిస్టరు చివర ఇంగ్లీషులో చాలాసేపు రాసి, సంతకం చేసి, జీపెక్కి వెళ్ళిపోయాడు. జీపు దుమ్ము అణిగేదాకా ఎవరమూ ఆ పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత మా ఆయన దగ్గరికి పోయి, పెదాలు కదుపుతూ చదివాడు.

"ఏం రాసిండు?" అంది మా అత్త.

"ఇంకో ఏడాది పొడిగించొచ్చని రాసిండు."

"ఏడాదేనా?"

"ఏడాదే అవ్వా. ఆ గడి తీసెయ్యొద్దని రాసిండు. ఆడోళ్లను అడిగేటందుకు రోజూ ఓ ఆడమనిషి ఉండాల్నట. అనసూర్యను పెట్టుకొమ్మన్నడు."

నేను చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయాను. ఉప్పు డబ్బా, పచ్చడి జాడీలు కళ్ళ ముందు ఒకసారి తిరిగాయి. మా అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అయితే రేపటి సంది అది గూడ పొద్దుగాల్నే దవాఖానకొస్తదా?"

"రావాలె గదవ్వా."

"మరి వంట?"

ఆమె అప్పటికే వసారా మెట్లు దిగి, కొంగు నడుముకు చెక్కి, ఇంటి దారి పట్టింది. పదహారు రోజులు బార్లీ నీళ్ళ మీద బతికిన మనిషిని ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో మేమిద్దరం పరుగెత్తి కూడా అందుకోలేకపోయాము.